దుబాసిని కల్పించిన విదుషి – గ్రేస్ హాపర్

లోకమున యంత్రములను నిర్మించినవారు పలువురు కలరు. ఆ యంత్రములు సామాన్యుని మాటను ఆలకించునట్లు చేసినవారు కొలదిమంది. ఈ రెండవ కోవకు చెందినవారిలో ప్రథమగణ్యురాలు గ్రేస్ హాపర్. అమెరికా దేశమున జన్మించి, గణితాచార్యురాలై, నౌకాసైన్యమున ఉన్నతపదవి నలంకరించి, 1992 వ సంవత్సరమున కీర్తిశేషురాలైన ఈ విదుషి చరిత్రము లెక్కలు వ్రాయువారును, గ్రంథాలయములను నడుపువారును ముఖ్యముగా తెలిసికొనదగినది. ఏలయన ఆమె కనిపెట్టిన సాధనమునకు మూలము ఒక గ్రంథాలయమే. ఆ సాధనము చిరకాలము సేవించినదియు లెక్కలు వ్రాయువారినే.

చరిత్రములోనికి పోవుటకు ముందు ఆమె చేసిన పని యెట్టిదో కొంత తెలిసికొనవలెను. కంప్యూటరు అను గణనయంత్రమునకు మన భాష తెలియదు. దానికి తెలిసినవి కొన్ని అంకెల గుర్తులు మాత్రమే. మనుష్యుడు తనకు తెలిసిన మాటలలో వ్రాసిన ఆదేశములను ఆ గుర్తులలోనికి మార్చు సాధనమునకు కంపైలరు అని పేరు. కుంఫిణీ కాలమున దొరలకును ప్రజలకును నడుమ దుబాసి నిలిచినట్లు, మనుష్యునకును యంత్రమునకును నడుమ ఈ కంపైలరు నిలుచును. నేటి యంత్రములలో ఆపరేటింగ్ సిస్టమ్ అను మరియొక వ్యవస్థయు కలదు. ఏ పని ముందు జరుగవలెను, ఏ పనికి ఎంత తావు ఇయ్యవలెను, ఏ కాగితము ఎచ్చట భద్రపరుపవలెను అను విషయములను అది చూచుకొనును. యంత్రమను గ్రామమునకు అది అధికారి వంటిది.

దుబాసికి క్రొత్త మాటలు తెలియక క్రొత్త దుబాసిని నియమింపవలసి వచ్చినదనుకొందము. అందుకొరకు గ్రామాధికారిని తొలగించి, గ్రామమునంతను తిరిగి కట్టవలెనా? ఈ ప్రశ్న యంత్రశాలలలో పనిచేయువారికి నేటికిని తరచుగా ఎదురగుచున్నది. మన ప్రాంతపు దఫ్తరములను ఎరిగినవారికి దీని భావము సులభముగా బోధపడును. నిజాము ప్రభుత్వ కాలమున కచేరీ వ్యవహారము ఉర్దూలో సాగెను. రైతు పలికినది తెలుగు. తరువాతి కాలమున దఫ్తరములు తెలుగులోనికి వచ్చినవి. వ్రాత మారినదని చెలకలను, తరి పొలములను మరల కొలువలేదు. భూమి ఒకటి, దానిని గూర్చి వ్రాయు భాష ఒకటి అను విభాగము స్పష్టముగా నుండుటచేతనే అది సాధ్యమైనది. యంత్రముల విషయమున ఇట్టి విభాగమును స్థాపించుటకు జీవితమును ధారపోసిన వారిలో గ్రేస్ హాపర్ ముఖ్యురాలు.

బాల్యము – విద్యాభ్యాసము

గ్రేస్ 1906 డిసెంబరు 9 వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. తండ్రి వాల్టర్ మర్రే భీమా వ్యాపారి. తల్లి మేరీ గణితమునందు మిక్కిలి ఆసక్తి కలది. ముగ్గురు సంతానములో గ్రేస్ జ్యేష్ఠురాలు. ముత్తాత నౌకాసైన్యమున రియర్ అడ్మిరల్ పదవి ననుభవించినవాడు. మాతామహుడు న్యూయార్కు నగరమున ఇంజనీరు. ఆయన భూమి కొలతలకు పోవునపుడు మనుమరాలిని వెంటబెట్టుకొని పోయి, ఎఱుపు తెలుపు చారల కొలతకోలను ఆమె చేతికిచ్చి నిలుపుచుండెను. సర్వేవారు వచ్చినపుడు గొలుసు పట్టుటకు ముందుకుఱికిన పల్లెబాలుర యుత్సాహమును ఎరిగినవారు ఆ బాలిక యానందమును ఊహింపగలరు.

ఏడేండ్ల ప్రాయమున ఆమె ఇంటిలోని అలారము గడియారము ఎట్లు మ్రోగునో తెలిసికొనగోరి దానిని విప్పెను. మరల కూర్చుట చేతకాక మరియొకటి విప్పెను. తల్లి వచ్చి చూచుసరికి ఏడు గడియారములు విప్పబడియుండెను. తల్లి కోపగింపక, ఇకమీదట ఒక గడియారముతో మాత్రమే ప్రయోగము చేయవలెనని కట్టడి చేసెను. తండ్రి వ్యాధివశమున కాళ్లు పోగొట్టుకొనియు కృత్రిమ పాదములతో నడచుచు, కుమారునితో సమానముగా కుమార్తెలకును ఉన్నతవిద్య చెప్పింపవలెనని పట్టుదల వహించెను.

పదునాఱేండ్ల వయస్సున వాసర్ కళాశాలలో ప్రవేశమునకు పరీక్ష వ్రాయగా లాటిను భాషలో మార్కులు చాలక తిరస్కరింపబడెను. మరుసటి యేడు కృతకృత్యురాలై చేరి, 1928 లో గణిత, భౌతిక శాస్త్రములలో పట్టభద్రురాలయ్యెను. యేల్ విశ్వవిద్యాలయమున 1930 లో ఎం.ఏ. పట్టమును, 1934 లో గణితమున డాక్టరు పట్టమును పొందెను. 1930 లోనే విన్సెంట్ హాపర్ అను సాహిత్యోపాధ్యాయుని వివాహమాడెను. 1931 నుండి వాసర్ కళాశాలలోనే గణితము బోధింప మొదలిడెను. ఒకనాడు భాషలో తప్పిపోయిన బాలికయే, తరువాతి కాలమున మనుష్యునకు యంత్రమునకు నడుమ భాషను కల్పించిన విద్వాంసురాలగుట విశేషము.

యుద్ధకాలము – మహాయంత్రము

1941 డిసెంబరులో అమెరికా రెండవ ప్రపంచయుద్ధమున ప్రవేశించెను. హాపర్ నౌకాసైన్యమున చేరదలచెను. అప్పటికామె వయస్సు ముప్పది దాటినది. ఎత్తునకు తగిన బరువును లేదు. గణితాచార్యులు కళాశాలలోనే యుండుట దేశమునకు మేలని అధికారులు తలంచిరి. ఆమె పట్టు విడువక, బరువు విషయమున ప్రత్యేకానుమతి సంపాదించి, 1943 డిసెంబరులో స్త్రీల నౌకాదళమున చేరి, శిక్షణలో ప్రథమస్థానము పొందెను.

1944 జూలైలో ఆమెను హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు పంపిరి. అచ్చట హోవార్డ్ ఐకెన్ అను శాస్త్రజ్ఞుని యాజమాన్యమున మార్క్ 1 అను గణనయంత్రముండెను. దాని పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు. చిల్లులు పొడిచిన కాగితపు పట్టీల ద్వారా దానికి ఆదేశముల నిచ్చుచుండిరి. రేయింబవళ్లు యుద్ధమునకు వలసిన పట్టికలను అది గుణించుచుండెను. దాని వాడుకను వివరించు 561 పుటల గ్రంథమును ఐకెన్ ఆజ్ఞచే ఆమె రచించెను. అది 1946 లో ప్రకటింపబడెను.

ఆ యంత్రముకడ ఆమెకు ఒక సత్యము గోచరించెను. ఒక లెక్కకు వ్రాసిన ఆదేశముల ముక్క మరియొక లెక్కకును పనికివచ్చుచుండెను. కావున పనిచేయువారు మంచి ముక్కలను నోటుపుస్తకములలో ఎత్తి వ్రాసికొని, ఒకరివద్దనుండి ఒకరు తీసికొనుచుండిరి. ఎత్తి వ్రాయునపుడు తప్పులు దొరలుచుండెను. తావు మారినపుడు స్థానసంఖ్యలను కూడి సవరింపవలసి వచ్చెను. ఆ కూడికలోను తప్పులు పడుచుండెను. కూడుటయందును, నకలు వ్రాయుటయందును యంత్రము అలయదు గదా! ఆ పనిని యంత్రమునకే ఏల అప్పగింపరాదు? ఈ తలంపే పిమ్మట కంపైలరునకు బీజమైనది.

1947 సెప్టెంబరు 9 న మార్క్ 2 యంత్రములో ఒక చిమ్మట చిక్కుకొని పని నిలిచిపోగా, అచ్చటివారు దానిని తీసి దినచర్య పుస్తకములో అంటించిరి. యంత్రదోషమును పురుగు అనుట అంతకు పూర్వమే వాడుకలో నున్నది. ఈ చిమ్మట కథను లోకమునకు చాటి ప్రసిద్ధము చేసినది హాపర్. పురుగును పట్టినది ఆమెయేనని పలువురు చెప్పుకొనుట సరికాదు.

యుద్ధము ముగిసినది. 1945 లో ఆమె వివాహబంధము తెగిపోయినది. వయస్సు మీరినదని స్థిరమైన సైనికోద్యోగమును ఈయరైరి. వాసర్ కళాశాల పిలిచినను పోక, యంత్రముల మీది మమకారముచే హార్వర్డులోనే తాత్కాలికముగా నిలిచియుండెను. 1949 లో ఆ కొలువును ముగిసెను. ఆ దినములలో ఒంటరితనమును, పనియొత్తిడియు ఆమెను క్రుంగదీసి మద్యపానమునకు లోనుచేసెను. మిత్రులు హెచ్చరించిరి. ఆమె తేరుకొని పనిలో నిమగ్నురాలయ్యెను. మహనీయుల జీవితములలోను చీకటి దినములుండునని తెలుపుటకే ఈ విషయమును ఇచ్చట చెప్పవలసి వచ్చినది.

దుబాసి పుట్టుక

1949 లో ఆమె ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్–మాక్లీ కంప్యూటర్ కార్పొరేషనులో చేరెను. అచ్చట యూనివాక్ అను యంత్రము నిర్మాణమగుచుండెను. ఆ సంస్థను 1950 లో రెమింగ్టన్ ర్యాండ్ వారు కొనిరి. 1951 మార్చిలో మొదటి యూనివాక్ అమెరికా జనాభాలెక్కల శాఖకు చెందెను.

ఇచ్చట హాపర్ తన నోటుపుస్తకముల తలంపునకు రూపమిచ్చెను. మంచివని పరీక్షించిన ఆదేశపు ముక్కలను ఒక అయస్కాంతపు పట్టీమీద చేర్చి, ఒక్కొక్కదానికి పిలుపుసంఖ్య నిచ్చెను. ఆ సంచయమునకు గ్రంథాలయమనియే పేరు. పాఠకుడు చీటిమీద సంఖ్య వ్రాసి ఇచ్చిన గ్రంథాలయాధికారి బీరువానుండి పుస్తకమును తెచ్చి ఇచ్చినట్లు, పనివాడు సంఖ్యలను వ్రాసి ఇచ్చిన యంత్రమే ఆ ముక్కలను వెదకి తెచ్చి, వరుసగా కూర్చి, స్థానసంఖ్యలను సవరించి, సంపూర్ణమైన ఆదేశావళిని సిద్ధము చేయును. ఇట్లు సంకలనము చేయుటచేతనే దానికి కంపైలరు అను పేరు వచ్చెను. దానికి ఏ–0 అని గుర్తు పెట్టిరి. నేటి నిర్వచనము ప్రకారము అది ముక్కలను అతుకు సాధనమే గాని పూర్ణమైన దుబాసి గాదని పండితులందురు. అయినను త్రోవ ఆ దిక్కుననే సాగినది.

ఈ పనిలో ఒక చిక్కు ఎదురయ్యెను. ఆదేశావళిలో ముందు రాబోవు తావునకు దూకుమని వ్రాయవలసినపుడు, ఆ తావు సంఖ్య ఇంకను తెలియదు. కళాశాలలో ఆడిన బాస్కెట్‌బాల్ ఆటలో ముందున్న సహచరికి బంతి విసరి తాను ముందునకు పరుగెత్తి మరల అందుకొను పద్ధతి ఆమెకు స్ఫురించెను. ఒక నడిమి తావున తాత్కాలికముగా చీటి పెట్టి, అసలు తావు తెలిసినపిమ్మట అచ్చటినుండి దారి చూపుట అను ఉపాయముతో ఆ చిక్కు విడిపోయెను.

1952 లో ఈ విషయమునుగూర్చి పండితసభలో వ్యాసము చదివెను. అయినను చాలమంది నమ్మరైరి. యంత్రము కూడికలు, గుణకారములు చేయునే గాని ఆదేశావళులను తానై వ్రాయుట యెట్లని వారి వాదము. పనిచేసి చూపినను కన్నులు మూసికొనినవారిని కొంతకాలము విడిచి, ఆమె తన పని తాను చేసికొనిపోయెను. ఏ–0 తరువాత ఏ–1, దానిపిమ్మట 1953 లో ఏ–2 వెలువడెను. ఏ–2 ను దాని అంతరంగపు వ్రాతతో సహా యంత్రములు కొనినవారికి పంపి, లోపములను, మెఱుగులను తెలుపుడని కోరెను. దాచుకొనిన విద్యకంటె పంచుకొనిన విద్య వేగముగా పెరుగునని ఆమె యెరిగినది.

ఇచ్చట గమనింపవలసిన విషయమొకటి కలదు. ఏ–0 పోయి ఏ–1, ఏ–1 పోయి ఏ–2 వచ్చినపుడు యూనివాక్ యంత్రము మారలేదు. దాని తీగలు మారలేదు. మారినది నడుమనున్న దుబాసి మాత్రమే. ఆపరేటింగ్ సిస్టమ్ అను మాట ఇంకను ప్రచారములోనికి రాని దినములలోనే ఈ మార్గము ఏర్పడినది.

మాటలతో లెక్కలు

గణితజ్ఞులకు గుర్తులన్న ప్రీతి. వ్యాపారపు లెక్కలు వ్రాయువారు మాటలను కోరుదురు. చిట్టా, ఆవర్జా వ్రాయువాడు జమ, ఖర్చు, బాకీ అను మాటలతో పని జరుపుకొనును. వానికి బీజగణితపు గుర్తులేల? కూడుము, తీసివేయుము, పోల్చుము, వ్రాయుము అను మాటలనే యంత్రమునకు ఆదేశములుగా ఈయవలెనని హాపర్ తలంచి 1955 లో ప్రతిపాదించెను. అటులే ఫ్రెంచి, జర్మను మాటలతోను యంత్రము పనిచేయునని ప్రదర్శించి చూపెను. అమెరికా యంత్రము పరదేశభాషలు నేర్చుట యేమని పైయధికారులు బెదరిరి. మాట యేదైనను యంత్రమునకు చేరునపుడు గుర్తులేయని ఆమె ఉద్దేశ్యము వారికి వెంటనే బోధపడలేదు. కడకు ఇంగ్లీషు మాటలతో ఫ్లో–మ్యాటిక్ అను భాషయు, దాని కంపైలరును వెలువడెను.

ఆ దినములలో ఒక్కొక్క యంత్రము తయారుచేయువారు ఒక్కొక్క భాషను కల్పించుచుండిరి. యంత్రము మారినచో లెక్కలన్నియు మరల వ్రాయవలసినదే. ఈ దుర్వ్యయమును తొలగించుటకు 1959 లో ప్రభుత్వమును, వ్యాపారసంస్థలును, యంత్రనిర్మాతలును సమావేశమైరి. మే నెలలో అమెరికా రక్షణశాఖ కార్యాలయమున జరిగిన సభలో ఈ పనికి నిర్ణయమయ్యెను. ఆ సంఘములు కూర్చిన భాషకు కోబాల్ అని పేరు. దానిని రచించినది ఒక్కరు గాదు. జీన్ సామెట్ మొదలగు పలువురు శ్రమించిరి. హాపర్ సలహాదారుగా నుండెను. భాషకు ముఖ్యాధారము మాత్రము ఆమె ఫ్లో–మ్యాటిక్.

కోబాల్ ఆదేశావళికి నాలుగు విభాగములు కలవు. మొదటిది పేరు తెలుపును. రెండవది ఏ యంత్రముమీద నడుచునో ఆ పరిసరములను తెలుపును. మూడవది లెక్కల పద్దులను, నాలుగవది చేయవలసిన పనిని తెలుపును. యంత్రము మారినపుడు ప్రధానముగా రెండవ విభాగమును సవరించిన చాలునను ఆశయముతో ఇట్లు ఏర్పరచిరి. పొలము గట్లు సరిగా నున్న ఒక మడిలో నీరు మార్చినను ప్రక్క మడి చెడదు. 1960 డిసెంబరులో ఇంచుమించు ఒకే కోబాల్ ఆదేశావళి, ఇద్దరు వేర్వేరు నిర్మాతలు చేసిన రెండు యంత్రములమీద నడచెను. ఒకటి ఆర్.సి.ఏ. 501, రెండవది యూనివాక్ 2. యంత్రములు వేరు, దుబాసులు వేరు, లెక్క ఒకటి. హాపర్ కల నెరవేరిన దినమది.

దుబాసులకు పరీక్ష

1966 చివర ఆమెను వయోనియమము ననుసరించి నౌకాసైన్యపు రిజర్వునుండి విరమింపజేసిరి. ఆ దినము తన జీవితమున మిక్కిలి దుఃఖకరమైనదని ఆమె భావించెను. పట్టుమని ఏడాది తిరుగకముందే, 1967 ఆగస్టులో నౌకాశాఖ ఆమెను ఆరునెలల పనికని మరల పిలిచెను. నడుమ కొలదికాలము విరామము తప్ప, ఆ ఆరునెలలు పంతొమ్మిది సంవత్సరములైనవి.

పిలుచుటకు కారణమేమి? కోబాల్ అను పేరొకటియే యైనను, ఒక్కొక్క నిర్మాత కంపైలరు ఒక్కొక్క తీరుగా అర్థము చెప్పుచుండెను. నల్లగొండ మాటకును గుంటూరు మాటకును యాస భేదమున్నను తెలుగువారు పరస్పరము సర్దుకొందురు. యంత్రములు అట్లు సర్దుకొనవు. ఒక చుక్క తప్పిన జీతముల పట్టీ నిలిచిపోవును. ఒక యంత్రశాలలో సక్రమముగా నడచిన లెక్క మరియొకచోట నడువదు. క్రొత్త కంపైలరు తెప్పించిన పాత లెక్కలు చెడును. చెడునను భయముతో పలువురు పాత కంపైలరునే పట్టుకొని వ్రేలాడుచుండిరి.

ఈ వ్యాధికి హాపరును, ఆమె పరివారమును కనుగొనిన మందు మిక్కిలి సులభమైనది. సమాధానము ముందే తెలిసిన లెక్కలను కొన్నింటిని వ్రాసిరి. ఏ కంపైలరు వచ్చినను ఆ లెక్కలను దానిచే చేయించుదురు. సమాధానములు సరిపోయినచో అది ప్రామాణికము. సరిపోనిచో ఎచ్చట తప్పినదో అచ్చటనే తెలియును. నిలువు కూడికను అడ్డు కూడికతో సరిచూచి గాని సంతకము పెట్టని లెక్కరి పద్ధతియే ఇది. అమెరికా ప్రభుత్వము అటుపిమ్మట కంపైలరులను కొనుటకుముందు ఇట్లు పరీక్షించు ఆచారమును స్వీకరించెను. అట్లు దుబాసిని మార్చుట సాహసకృత్యముగా గాక, సామాన్యమైన కచేరీ పనిగా మారినది.

నేటి యంత్రశాలల ఆచారము

ఆమె వేసిన ఈ మార్గము నేడెంత విస్తరించినదో కొంచెము చూతము. ఆపరేటింగ్ సిస్టమ్ పాతదైనను నమ్మకముగా పనిచేయుచున్న యంత్రశాలలు పెక్కు కలవు. దానిని కదలించిన పదిపనులు నిలిచిపోవును. కాని క్రొత్తగా వ్రాసిన ఆదేశావళులకు క్రొత్త కంపైలరు కావలయును. అప్పుడు తెలిసినవారు పాత కంపైలరును తొలగింపరు. ఏలయన ఆపరేటింగ్ సిస్టమ్ తనకు వలసిన భాగములను దానితోనే నిర్మించుకొనియుండును. క్రొత్తదానిని వేరు అరలో చేర్చి, కావలసినవారు దానిని పేరుతో పిలుచుకొనునట్లు ఏర్పాటు చేయుదురు. ఒక్కొకమారు పాత దుబాసిచేతనే క్రొత్త దుబాసిని తయారు చేయింతురు. పిమ్మట ఆ క్రొత్తవానిచే తన్ను తానే మరల తయారు చేయించి, రెండును సరిపోయినవా అని చూతురు.

ఇచ్చటను గ్రంథాలయమే చిక్కునకును, ఉపాయమునకును కారణము. యంత్రములో అన్ని పనులకు ఉమ్మడిగా ఉపకరించు మూలగ్రంథాలయమొకటి యుండును. క్రొత్త కంపైలరు క్రొత్త గ్రంథములను కోరును. తొందరపడి మూలగ్రంథాలయమునే మార్చినచో దానిని నమ్మియున్న పనులన్నియు ఒక్కమారు నిలిచిపోవచ్చును. రెడ్ హ్యాట్ అను సంస్థ 2010 తరువాతి సంవత్సరములలో తన వాడుకరులకు ఇట్టి క్రొత్త కంపైలరులను వేరు అరలో అందించినపుడు ఒక చక్కని ఉపాయము పన్నెను. పాత గ్రంథాలయములో నున్నవానిని అచ్చటినుండియే వాడుకొని, అందు లేని క్రొత్త అధ్యాయములను మాత్రము ఆదేశావళితోనే మూటగట్టి పంపునట్లు చేసెను. పాత పాఠకునకు లోటు లేదు, క్రొత్త పాఠకునకు కొరత లేదు. మంచి గ్రంథాలయములు నడుచు తీరే ఇది.

చరమదశ

హాపర్ ఉపన్యాసములు వినుటకు జనులు విశేషముగా గుమిగూడుచుండిరి. ఒక సెకండులో నూఱుకోట్లవ వంతు కాలమును నానోసెకండు అందురు. అంత స్వల్పకాలమును సభ్యులకు చూపుటకు ఆమె అడుగునకు కొంచెము తక్కువ, అనగా 11.8 అంగుళముల తీగముక్కలను పంచిపెట్టుచుండెను. ఆ కాలములో విద్యుత్తు అంతకంటె దూరము పోజాలదు. కాలమును చేతితో పట్టుకొని చూచిన ఆనందము శ్రోతలకు కలుగుచుండెను.

ఆమె గదిలోని గోడగడియారము ముండ్లు అపసవ్యముగా తిరుగుచుండెను. అయినను అది సరియైన కాలమునే చూపుచుండెను. ఎప్పటినుండియో ఇట్లే జరుగుచున్నది గనుక ఇట్లే జరుగవలెనను వాదము ఆమెకు సరిపడనిది. బాల్యమున ఏడు గడియారములను విప్పిన చేయి వార్ధక్యమున గడియారమునే వెనుకకు త్రిప్పి పాఠము చెప్పినది.

1973 లో కెప్టెనుగను, 1983 లో కమొడోరుగను ఆమె పదోన్నతి పొందెను. 1985 లో ఆ పదవికి రియర్ అడ్మిరల్ అను పేరు వచ్చెను. ముత్తాత పదవి మునిమనుమరాలికి దక్కెను. 1986 ఆగస్టు 14 న బోస్టను రేవులో కాన్‌స్టిట్యూషన్ అను పురాతన నౌకమీద ఆమె విరమణోత్సవము జరిగెను. అప్పటికి ఆమెకు 79 ఏండ్లు. పనిలోనున్న నౌకాధికారులలో వయోధికురాలు. అంతటితో విశ్రమింపక డిజిటల్ అను యంత్రనిర్మాణసంస్థకు సలహాదారుగా పనిచేసెను. 1991 లో అమెరికా ప్రభుత్వము సాంకేతికవిద్యా పతకముతో సత్కరించెను. 1992 జనవరి 1 న ఆమె పరమపదించెను. ఆర్లింగ్టన్ సైనికశ్మశానమున సకలమర్యాదలతో సమాధి చేసిరి. ఆమె పేర ఒక యుద్ధనౌక 1997 లో నౌకాదళమున చేరెను. 2016 లో ఆ దేశపు అత్యున్నత పౌరపురస్కారమును ఆమె కీర్తికి సమర్పించిరి.

తెలుగునాటికి చేరిన ఫలము

ఆమె గతించిన కొలది సంవత్సరములకు ఆమె పని మన ఊళ్లకు మరియొక రూపమున వచ్చెను. పూర్వపు యంత్రములలో తావు బహు కొంచెము. కావున కోబాల్ లెక్కలలో పలువురు సంవత్సరమును నాలుగంకెలకు మారు రెండంకెలతో వ్రాసిరి. 1965 ను 65 అనిరి. 2000 వ సంవత్సరము సమీపించుసరికి యంత్రము దానిని 1900 అని భ్రమించునను భయము లోకమంతట వ్యాపించెను. దుబాసిని మార్చిన తీరెడి దోషము గాదిది. పద్దులలోనే పడిన దోషము. ఒక్కొక్క లెక్కను విప్పి చూచి సవరింపవలసియుండెను.

ఆ పనికి కోబాల్ నేర్చినవారు వేలకొలది కావలసివచ్చిరి. హైదరాబాదులోని అమీరుపేట వీధులలో కోబాల్ నేర్పు శిక్షణాలయములు వెలసినవి. కట్టంగూరు మీదుగా పోవు విజయవాడ–హైదరాబాదు రహదారిని పట్టుకొని పల్లెల యువకులెందరో పట్టణము చేరి, ఆ విద్య నేర్చి, సముద్రములు దాటిరి. పెద్దలు పొలము కుదువబెట్టి పంపిన కుటుంబములును కలవు. 1999 డిసెంబరు 31 రాత్రి పెద్దయుపద్రవమేమియు లేక గడచినది. దాని వెనుక ఇట్టి అనేకుల కంటినిద్ర కలదు. 2001 తరువాత పని సన్నగిల్లి కొందరు తిరిగి వచ్చిరి, పెక్కుమంది స్థిరపడిరి. అంతటితో కోబాల్ అంతరింపలేదు. 2020 ఏప్రిలులో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రపు గవర్నరు, నిరుద్యోగభృతి లెక్కలు చక్కబెట్టుటకు కోబాల్ ఎరిగినవారు ముందుకు రావలెనని బహిరంగముగా కోరవలసి వచ్చెను. అరువదేండ్లనాటి భాష, దాని క్రింద యంత్రములు ఎన్నితరములు మారినను, క్రొత్త క్రొత్త కంపైలరుల ద్వారా నడచుచునే యున్నది.

గ్రేస్ హాపర్ జీవితమునుండి గ్రహింపదగినది ఇదియే. మార్పును అడ్డగించువారు పాతదానిని కాపాడలేరు. సమస్తమును ఒక్కమారు కూలద్రోయువారు క్రొత్తదానిని నిలుపలేరు. ఏది మారవలెను, ఏది నిలువవలెను అని గట్టు వేసి, క్రొత్తదానిని పాతదాని ప్రక్కన నిలిపి, తెలిసిన లెక్కతో పరీక్షించి, సరిపోయినపిమ్మట పని అప్పగించుట బుద్ధిమంతుల మార్గము. ఆ సంకలనపు పనిని ఆమె ఒక గ్రంథాలయముతో ప్రారంభించెను. పాత బీరువాలోని పుస్తకము నొకదానినైనను పారవేయక, క్రొత్త బీరువాకు చోటు చేసికొనుచు సాగు ప్రతి గ్రంథాలయమును తెలిసియో తెలియకయో ఆమె పద్ధతినే అనుసరించుచున్నది.